ఫొటో వెనకాల ఏమీ రాయని తాతయ్య

మొన్న సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అటక మీంచి రేకుపెట్టె దింపితే ఓ నలభై పాత ఫొటోలు దొరికాయి, సగానికి చెద పట్టేసింది, మిగతా వాటిలో ఎవరు ఎవరో తెలీదు ఎందుకంటే మా తాతయ్య ఏ ఫొటో వెనకాలా ఒక్క ముక్క రాయలేదు. ధాన్యం లెక్కలు మాత్రం కుంచాలతో సహా రాసిపెట్టాడు మహానుభావుడు.

ఒక్కదాని వెనక మాత్రం "పుష్కరాలు" అని ఉంది. ఏ పుష్కరాలు తాతయ్యా, పన్నెండేళ్ళకోసారి వస్తాయి కదా! రాజమండ్రి రేవులో తీసిన ఫొటో, వెనకాల పాత హేవలాక్ బ్రిడ్జి ఒక్కటే కనిపిస్తోంది. 1974లో వచ్చిన రోడ్డు కం రైలు బ్రిడ్జి లేదు కాబట్టి దానికి ముందుదే అని డిటెక్టివ్ లెవెల్లో ఫీలయ్యా, తీరా చూస్తే అది ఎగువన ఉంటుంది, ఫొటో దిగువకి తిరిగి తీశారు, సో నా లాజిక్ గోదాట్లో కలిసింది. హేవలాక్ పక్కనే ఉండే ఆర్చి బ్రిడ్జి కూడా లేదు గానీ అది 1997లో వచ్చింది, అంటే 1991 దాకా ఏ పుష్కరమైనా కావచ్చు. చివరికి తేల్చింది అత్తయ్య. వాట్సాప్‌లో పంపితే రెండు నిమిషాల్లో వాయిస్ మెసేజ్, "ఒరే నాన్నా, ఆ ఓణీ పిల్ల నేనే కదరా, ఓణీ వేసిన కొత్త". అత్తయ్య 1953 వరదల ఏడాది పుట్టింది. అంటే 1967 పుష్కరాలు.

అసలు గొడవంతా ఇంటి ఫొటో గురించి. వీధరుగు, నాలుగు స్తంభాలు, పైన గూన పెంకులు. మా మండువా ఇంటికి ఉన్నవి బంగాళా పెంకులు కాబట్టి బాబాయి "ఇది మనిల్లు కాదు, ఎవరిదో" అని పక్కన పడేశాడు. నేను స్కాన్ చేసి జూమ్ చేస్తే ఎడమ చివరి స్తంభానికి నిలువునా చీలిక, దాని చుట్టూ రెండు ఇనప పట్టాలు, కింది పట్టా కొంచెం వంకర. పరిగెత్తుకెళ్ళి అరుగు మీద చూశా. అదే వంకర, అదే పట్టా, కాకపోతే పైన నాలుగు పూతల ఆకుపచ్చ పెయింటు! అత్తయ్యని అడిగితే ఆ వరదకి కప్పు దెబ్బతింది, తర్వాతే బంగాళా పెంకు వేయించారని నాన్నమ్మ చెప్పేదట. అంటే ఈ ఫొటో 1953 కంటే ముందుది, మాకు తెలిసి మా ఇంటికున్న పాత ఫొటో ఇదొక్కటే.

ఇక్కడే నాకు కడుపు మండేది. అయిదేళ్ళ కిందట చెమ్మ వస్తోందని ఓ మేస్త్రీ గోడలకి సిమెంటు ప్లాస్టరింగ్ చేశాడు. అవి గానుగ సున్నంతో కట్టిన గోడలండీ, లోపలి తడి మెల్లగా బయటికి వదులుతాయి, దాని మీద సిమెంటు కొడితే తడి లోపలే ఉండిపోయి ఇటుక పొడి రాలుతుంది. ఇప్పుడు మండువా చుట్టూ మోకాలెత్తున తెల్లగా ఉప్పు పూసింది. సున్నం, ఇసక, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపి గానుగ ఆడించే వాళ్ళని వెతికితే ఒక ముసలాయన దొరికాడు, ముందు ఆ సిమెంటు ఊడగొట్టి ఒక ఎండాకాలం గోడని వదిలేయమన్నాడు. వదిలేశాం.

రాజమండ్రిలో కందుకూరి ఇల్లూ విజయనగరంలో గురజాడ ఇల్లూ నిలిచాయంటే అవి మహానుభావులవి. మనలాంటోళ్ళ ఇంటికి వచ్చేది స్తంభాలు కొనే బేరగాడే, రిసార్టుకి కావాలట, మా చీలిక స్తంభానికి కూడా రేటు చెప్పాడు. బాబాయి కాస్త మెత్తబడ్డాడు కూడా, ఫొటో చూపించాక ఇంక మాట్లాడ్లేదు.

ఫొటోల వెనక ఇప్పుడు నేను రాస్తున్నా, మెత్తటి పెన్సిల్‌తో, బాల్‌పెన్ అయితే అచ్చు ముందుకి పడుతుంది. ఇంటి ఫొటోలో కుడి వైపు స్తంభానికి ఆనుకుని చొక్కా లేని కుర్రాడొకడున్నాడు, చేతిలో చెరుకు గడ. అత్తయ్యకీ తెలీలేదు. పాలేరు కొడుకేమో అంటుంది. వచ్చే ఆదివారం వాళ్ళ వీధికెళ్ళి అడగాలి.