అమ్మ బైబిల్‌కి కొత్త అట్ట: ఆరో వారం

కలంకారీ సంగతి ముందే చెప్పేస్తాను. పెడన వెళ్లినప్పుడు తెచ్చిన ముక్క ఒకటి ఇంట్లో ఉంది. దాంతో అట్ట వేస్తే ఎంత బాగుంటుందో అని రెండు వారాలు కలలు కన్నాను. అమ్మ చూసి "ఇది బైబిలా, చేతిసంచా రా?" అంది. అంతే, ఆ ముక్క బీరువాలోకి పోయింది. నల్ల రెక్సిన్ కొన్నాను.

అసలు రోగం అట్టది కాదు. ఏడేళ్ల క్రితం ఒక షాపులో బైండింగ్‌కి ఇచ్చాం. వాళ్లు పక్క నుంచి డ్రిల్లుతో రంధ్రాలు వేసి, పుస్తకమంతా కలిపి కుట్టేశారు. లోపలి మార్జిన్ అర అంగుళం ఆ కుట్టులోకి పోయింది. చెయ్యి తీస్తే చాలు, పుస్తకం మూసుకుపోయేది. పైగా అంచులు సమంగా ఉండాలని మిషను మీద కోశారు. తాతయ్య పెన్సిల్‌తో రాసుకున్న మాటలు సగానికి తెగాయి. కీర్తన 119 పక్కన ఆయన రాసిన దాంట్లో ఇప్పుడు మిగిలింది "ఈ రోజు వా" అని మాత్రమే. వాన పడిందో, వార్త వచ్చిందో మరి.

ఆ కుట్టు విప్పడానికి రెండు సాయంత్రాలు పట్టింది. దారం లాగకూడదు, ప్రతి రంధ్రం దగ్గరా తెంపి తీయాలి. లోపల ప్రెస్సువాళ్లు వేసిన అసలు కుట్టు చాలావరకు గట్టిగానే ఉంది. మొత్తం 45 ఫారాలు (మడిచి కుట్టే కాగితాల కట్టలు), ఒక్కోటి 32 పేజీలు. ముందు ఆదికాండము వైపు మూడు, చివర ప్రకటన గ్రంథం వైపు నాలుగు మాత్రమే ఊడాయి. అందుకే అంతా విప్పలేదు, ఆ ఏడే మళ్లీ కుట్టాను. పుస్తకం వెన్ను మీది పాత జిగురు పోవడానికి పల్చటి మైదా జిగురే దాని మీద పూసి, ఇరవై నిమిషాలు ఆగి, మొండి కత్తితో గీకాను.

జిగురు ఇలా: ఒక చెంచా మైదా, ఆరు చెంచాల నీళ్లు, సన్నని సెగ మీద నిగనిగలాడేదాకా కలపడం. బైండింగ్ చేసేవాళ్లు పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం వేస్తారు. అది విషం. అమ్మ నాలుకకి వేలు తడుపుకుని పేజీ తిప్పుతుంది కాబట్టి నేను వెయ్యలేదు. ఫెవికాల్ కూడా వద్దనుకున్నాను. రేపు ఇంకెవరైనా విప్పాల్సి వస్తే మైదా జిగురు నీళ్లకి వదులుతుంది, ఫెవికాల్ వదలదు.

మొదటి ఫారం పాడుచేశాను. మడత దగ్గర చిరిగినచోట జపనీస్ టిష్యూ (పల్చగా ఉన్నా గట్టిగా ఉండే కాగితం) అతికిస్తూ జిగురు ఎక్కువ తడిగా పూశాను. బైబిల్ కాగితం ఉల్లిపొరలా ఉంటుంది కదా, ఆరేసరికి ముడతలు పడింది. రెండోసారి చిక్కటి జిగురు, పొడిగా ఉన్న బ్రష్. టిష్యూ 1 సెం.మీ. వెడల్పు చాలు. పైనా కిందా బటర్ పేపర్ పెట్టి, రాత్రంతా రెండు ఇటుకల కింద ఉంచితే చక్కగా వచ్చింది.

ఈ మధ్యలో చర్చిలో అమ్మ స్నేహితురాళ్లని అడిగాను, బైబిల్ ఎలా ఉండాలని. ఇప్పుడు స్త్రీలకొకటి, యువతకొకటి అని రకరకాల బైబిళ్లు వస్తున్నాయి. అమెరికాలో 2008లో 'గ్రీన్ బైబిల్' అని ఒకటి వచ్చింది, ప్రకృతి గురించిన వచనాలు అందులో ఆకుపచ్చ అక్షరాల్లో ఉంటాయి. యేసు మాటల్ని ఎర్రగా అచ్చువేసే పద్ధతిని కూడా అక్కడే లూయీ క్లాప్ష్ అనే పత్రికా సంపాదకుడు 1899లో తెచ్చాడు. మా వాళ్లలో ఒక్క పిన్ని తప్ప ఎవరూ రంగు మాటెత్తలేదు. ఆ పిన్ని కూడా "రాత్రి లైటు కింద ఎర్రవి కనబడవు నాయనా" అంది. అందరూ అడిగింది పెద్ద అక్షరాలు. దాని వెంటే "బరువు ఉండకూడదు" అన్నారు.

తెలుగుకి ఈ రెండూ కలిసి రావడం కష్టం. మన ఒత్తులు కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి, వరసల మధ్య ఖాళీ వదలకపోతే ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ఖాళీ వదిలితే పేజీలు పెరుగుతాయి, పేజీలు పెరగకూడదంటే కాగితం పల్చబడుతుంది, అప్పుడు వెనక పేజీ అచ్చు ఇటు కనబడుతుంది. రెండు వైపుల వరసలూ సరిగ్గా ఒకదాని వెనక ఒకటి పడేలా అచ్చువేస్తే ఆ మసక చాలా తగ్గుతుంది. షాపులో పేజీని వెలుతురుకి ఎత్తి చూస్తే తెలిసిపోతుంది. ఇంకో పరీక్ష: ఆదికాండము మొదటి అధ్యాయం తెరిచి బల్ల మీద వదలండి. ఫారాల మడతల్లో కుట్టిన పుస్తకం మెల్లగా అలవాటు పడి పడుకుంటుంది. ఉత్త జిగురుతో అతికించింది లేచి కూర్చుంటుంది.

నిన్న వెన్నుకి మల్లు గుడ్డ అతికించాను. ఇటుకలు తీసి ఆదికాండము దగ్గర తెరిస్తే పడుకుంది, కాస్త బిగుసుగానే. అమ్మ వచ్చి కీర్తనల దగ్గర తెరిచి చూసుకుని, ఏమీ అనకుండా కళ్లజోడు తెచ్చుకుంది. అట్ట ఈ వారమే అయ్యేది కానీ, రెక్సిన్ 3 మి.మీ. తక్కువ కోశాను. మళ్లీ కొనాలి.