ఐదింట రెండు

మంగళవారం, రాత్రి

ఈరోజు చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. ఆఫీసు, ఇల్లు, సాయంత్రం పాప హోంవర్క్. కానీ ఆ హోంవర్క్ దగ్గర గడిచిన ముప్పావుగంట ఇంకా తలలో తిరుగుతూనే ఉంది.

లెక్క చిన్నదే. ఎరుపు, నీలం పూసలు 2:3 నిష్పత్తిలో ఉన్నాయి. మొత్తం పూసల్లో ఎరుపువి ఎంత భాగం? పాప టక్కున 2/3 అని రాసేసింది. "నిష్పత్తిని భిన్నంగా రాయొచ్చని టీచర్ చెప్పారు నాన్నా" అంది. ఆ మాట నిజమే. కొట్టేద్దామని పెన్ను తీశాను గానీ, ఎందుకు తప్పో ఒక్క ముక్కలో చెప్పడం నాకూ చేతకాలేదు.

డబ్బాలోంచి రెండు ఎర్రపూసలు, మూడు నీలంపూసలు తీసి బల్లమీద వరసగా పెట్టాం. నువ్వు రాసింది చదవమన్నాను.

"రెండు బై మూడు."

"బై లేకుండా చదువు."

"మూడింట రెండు వంతులు..." అంటూ ఆగిపోయింది. వేలితో పూసలు ఒక్కొక్కటీ తాకుతూ లెక్కపెట్టుకుంది. "మూడింట ఏంటి నాన్నా, ఇక్కడ ఐదున్నాయిగా! ఐదింట రెండు!"

ఎంత సంతోషం వేసిందో. 'రెండు బై మూడు' అన్నప్పుడు రెండు అంకెలు పైనా కిందా కూర్చుంటాయి, అంతే. 'ఐదింట రెండు' అనాలంటే ముందు ఐదు అనాలి. మొత్తం ఎంతో తేల్చుకోకుండా మాట మొదలే కాదు. ఇన్నేళ్లుగా వాడుతున్న మాటలో ఇంత ఉందని నేనెప్పుడూ గమనించలేదు.

అలాగని 2/3 ఎందుకూ పనికిరాని జవాబు కాదు. నీలంపూసలు ఎన్నో అందులో మూడింట రెండు వంతులన్ని ఎర్రపూసలున్నాయి. నీలంపూసలతో పోలిస్తే ఎర్రపూసలు ఎంత అని అడిగితే అదే సరైన జవాబు. నిష్పత్తి రెండు భాగాలను పక్కపక్కన నిలబెడుతుంది. దేన్ని దేనితో పోలుస్తున్నామో మనం చెబితేనే అందులోంచి భిన్నం వస్తుంది. అదే 2:3 నుంచి 2/3, 3/2, 2/5, 3/5 అన్నీ వస్తాయి. మూడో రంగు కలిపి 2:3:4 అంటే, దాన్ని ఒక్క భిన్నంగా రాయనే లేం.

తర్వాతి లెక్క 1/2 + 1/3. దానికి 2/5 అని రాసింది. పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలిపేసింది. ఇది చాలామంది పిల్లలు చేసే తప్పే. కానీ బల్లమీద అవే ఐదు పూసలున్నాయి కదా, ఈసారి కొట్టేయాలనిపించలేదు. వాటినే రెండు కుప్పలు చేశాను: రెండింట్లో ఒకటి ఎరుపు, మూడింట్లో ఒకటి ఎరుపు. రెండు కుప్పలూ కలిపితే ఐదింట రెండు ఎరుపు. పాప జవాబు కళ్లముందే ఉంది! మొదటి కుప్పలో నాలుగుండి రెండు ఎరుపైతే? అప్పుడూ సగమే, కానీ కలిపితే 3/7. సగం సగంగానే ఉన్నా జవాబు మారిపోయింది. కుప్పలు కలిపినప్పుడు ఏ కుప్పలో ఎన్నున్నాయన్నది ముఖ్యం. భిన్నాల కూడికలో రెండూ ఒకే మొత్తంలోని భాగాలు కావాలి.

"అయితే ఆ మొత్తం ఎన్ని పూసలుండాలి?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, డబ్బాలోంచి ఇంకొక్కటి తెచ్చి పెట్టింది. ఆరు. అందులో సగమని మూడు, మూడో వంతని రెండు పక్కకు జరిపి, మిగిలిన ఒక్కదాన్ని చూస్తూ "ఆరింట ఐదు" అంది.