బావిలో నీటి రోబో, నాలుగో వారం: ఫోమ్ తీసేసి పైపు కట్టాను

ఈ ఆదివారం మా మామయ్య వాళ్ల వ్యవసాయ బావిలో నాలుగోసారి దింపాను. తాడుకు రాయి కట్టి కొలిస్తే నీళ్ల లోతు 11 మీటర్లు వచ్చింది. కొత్తగా చదివేవాళ్ల కోసం: కెమెరా పెట్టిన 110 ఎం.ఎం. పీవీసీ పైపు ముక్క, 12 వోల్టుల మోటార్లు మూడు, 20 మీటర్ల కేబులు, తేలడానికి పైన ఫోమ్, కింద ఇనప నట్లు. ఇంతే నా రోబో.

పోయిన వారం బాగా భయపెట్టింది. పైన చక్కగా తేలింది, స్ప్రింగ్ త్రాసుతో చూసుకుంటూ 80 గ్రాముల తేలుడు మాత్రమే ఉంచాను, మోటారు కిందికి తోస్తే దిగింది కూడా. కానీ రెండు మూడు మీటర్లు దాటాక మోటారు ఆపినా పైకి రాలేదు, పైగా దిగేకొద్దీ వేగం పెరుగుతోంది. లోపలికి నీళ్లు పోయాయని టెన్షన్ పడి కేబులు పట్టుకుని లాగేశాను. మూత విప్పితే లోపల పెట్టిన టిష్యూ కాగితం పొడిగానే ఉంది. మామయ్య "ఏరా, పైన తేలేది కింద ఎందుకు మునుగుతుంది?" అన్నాడు. రాత్రంతా అదే ఆలోచన.

తప్పు మెత్తటి ఫోమ్‌ది. వస్తువు ఎంత నీటిని పక్కకు జరిపితే అంత నీటి బరువుతో నీళ్లు దాన్ని పైకి తోస్తాయి. లోతుకు పోయేకొద్దీ ఫోమ్‌లోని గాలి నొక్కుకుపోయి దాని సైజు తగ్గింది, బరువు మాత్రం అంతే ఉంది. నాది దాదాపు లీటరు ఫోమ్, అందులో పదో వంతు తగ్గినా 100 గ్రాముల తేలుడు పోయినట్టే, నేను ఉంచుకున్నదే 80.

ఇది కళ్లతో చూడాలనిపించి ఒకవైపు మూసిన 30 సెంటీమీటర్ల పారదర్శక గొట్టం లోపల తడి ముగ్గు పూసి ఆరబెట్టాను, రాయి కట్టి తలకిందులుగా 10 మీటర్లకు దింపి తీశాను. నీళ్లు ఎక్కిన మేర ముగ్గు కడుక్కుపోయింది, సుమారు సగం! పైన గాలి పీడనం ఒకటి, 10 మీటర్ల నీళ్లది ఇంకొకటి, కలిపి రెండింతలు, అందుకే గాలి సగమైంది. ఆ గీత చూసినప్పటి సంతోషం మాటల్లో చెప్పలేను.

ఇప్పుడు ఫోమ్ బదులు రెండువైపులా మూతలు వేసిన 50 ఎం.ఎం. పైపు ముక్కలు రెండు, ఒక్కోటి 30 సెంటీమీటర్లు. పైపు గట్టిది కాబట్టి ఈ లోతులో నొక్కుకుపోదు. సాల్వెంట్ సిమెంట్ పూశాక 24 గంటలు ఆగండి, తొందరపడొద్దు. పైపులు పైన, బరువులు వీలైనంత కింద ఉంటేనే రోబో బోర్లా పడదు.

కెమెరా ముందున్న అద్దం సంగతి మొదటివారమే రాయాల్సింది. 110 ఎం.ఎం. మూత వైశాల్యం సుమారు 95 చదరపు సెంటీమీటర్లు, 10 మీటర్ల దగ్గర చదరపు సెంటీమీటరుకు కిలో చొప్పున 95 కిలోలు, అంటే వడ్ల బస్తా కంటే ఎక్కువ బరువు దాని మీద ఉన్నట్టు. 3 ఎం.ఎం. యాక్రిలిక్ లోపలికి వంగిపోయింది, 8 ఎం.ఎం. వేశాక కదల్లేదు. అడుగున నీళ్లు చల్లగా ఉండటంతో అద్దానికి లోపల ఆవిరి పడుతోంది, సిలికా జెల్ పొట్లాలు రెండు వేస్తే ఆగింది.

నిన్న 9 మీటర్లకు దిగి, మోటారు ఆపగానే మెల్లగా తనంతట తనే పైకి వచ్చింది, మూడుసార్లూ.

వచ్చే నెల భీమిలి దగ్గర సముద్రంలో చూడాలి. ఉప్పునీళ్లు లీటరుకు సుమారు 25 గ్రాములు ఎక్కువ బరువు, నా రోబో జరిపేది 6 లీటర్లు, కాబట్టి ఇంకో 150 గ్రాముల నట్లు తూచి కవర్లో పెట్టి ఉంచాను.