షేరు ధరను కదిపేది తొందర

‘కొనేవాళ్లు ఎక్కువయ్యారు, అందుకే షేరు పెరిగింది’ అనే మాట రోజూ వినిపిస్తుంది. కానీ జరిగిన ప్రతి ట్రేడ్‌లోనూ ఎన్ని షేర్లు కొన్నారో సరిగ్గా అన్నే అమ్మారు. ధర కదిలేది తలల లెక్కతో కాదు. ఎవరికి తొందర ఎక్కువ ఉందో దాన్నిబట్టి కదులుతుంది.

కొనే, అమ్మే ఆర్డర్లన్నీ ధరల వారీగా ఉండే జాబితానే ఆర్డర్ బుక్ అంటారు. అందులో ఒక షేరు ఇలా ఉందనుకోండి. కొనేవైపు 100.00 దగ్గర 400 షేర్లకు, 99.90 దగ్గర 600 షేర్లకు బిడ్లు, అంటే కొంటామనే ఆర్డర్లు, ఉన్నాయి. అమ్మేవైపు 100.10 దగ్గర 200, 100.20 దగ్గర 300, 100.50 దగ్గర 500 షేర్లున్నాయి. ఇవన్నీ లిమిట్ ఆర్డర్లు, అంటే తాము చెప్పిన ధర లేదా అంతకన్నా మంచి ధర దొరికితేనే సరే అని ఓపిగ్గా కూర్చున్నవి. ఎవరూ కదలకపోతే ట్రేడే లేదు. 100.00కీ 100.10కీ మధ్య ఉన్న తేడాయే స్ప్రెడ్.

ఇప్పుడొకరు 800 షేర్లు కొనడానికి మార్కెట్ ఆర్డర్ పెట్టారు, అంటే ఏ ధరకు దొరికితే ఆ ధరకు వెంటనే కావాలన్నారు. మొదటి 200 షేర్లు 100.10కి, తర్వాతి 300 షేర్లు 100.20కి, మిగతా 300 షేర్లు 100.50కి వస్తాయి. సగటు దాదాపు 100.29. స్క్రీన్ మీద మాత్రం 100.50 కనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ చూపించేది చివరి ట్రేడ్ ధర మాత్రమే. వెంటనే అమ్మబోతే దొరికే బిడ్ ఇంకా 100.00 దగ్గరే ఉంది! చాలామంది దెబ్బతినేది ఇక్కడే.

ఒక్కోసారి పెద్దగా ట్రేడ్లు లేకుండానే ధర ఎగురుతుంది. మంచి వార్త రాగానే అమ్మేవాళ్లు పాత ఆర్డర్లు రద్దు చేసి పై ధరకు పెడతారు, కొనేవాళ్లు బిడ్లు పెంచుతారు. అప్పుడు చిన్న ట్రేడ్ జరిగినా అది కొత్త ధర దగ్గరే జరుగుతుంది. కంపెనీ మొత్తం మార్కెట్ విలువను కూడా, ఉన్న షేర్లన్నిటినీ ఆ ఒక్క ట్రేడ్ ధరతోనే గుణించి చెబుతారు.

ఆర్డర్ బుక్ పలచబడితే, అంటే అందులో ఆర్డర్లు బాగా తగ్గిపోతే, ఏమవుతుందో 2010 మే 6న అమెరికాలో కనిపించింది. ఆరోజు కాసేపు యాక్సెంచర్ అనే పెద్ద కన్సల్టింగ్ కంపెనీ షేరు ఒక్క సెంటుకు ట్రేడ్ అయింది. కంపెనీలో ఏమీ మారలేదు. అసలైన బిడ్లు అయిపోయి, మార్కెట్ మేకర్లు (ఎప్పుడూ కొనే, అమ్మే ధరలు రెండూ చూపించే సంస్థలు) నామమాత్రంగా పెట్టి ఉంచిన బిడ్లే మిగిలాయి, అమ్మకపు మార్కెట్ ఆర్డర్లు వెళ్లి వాటికే తగిలాయి. తర్వాత ఆ ట్రేడ్లను రద్దు చేశారు. ప్రతిసారీ అలా రద్దు చేస్తారనుకోవద్దు.

అందుకే లావాదేవీలు తక్కువగా జరిగే షేరులో మార్కెట్ ఆర్డర్ అసలు వద్దంటాను. ముందు స్ప్రెడ్ చూడండి, తర్వాత మీకు కావలసిన షేర్లు ఏ ధర దాకా దొరుకుతాయో కూడి చూడండి, ఆ ధరకే లిమిట్ పెట్టండి. స్టాప్‌లాస్ విషయంలోనూ ఇంతే జాగ్రత్త అవసరం. ధర మీరు ముందే రాసుకున్న స్థాయికి, అంటే ట్రిగ్గర్‌కు, పడితే నష్టం పెరగకుండా అమ్మడానికి పెట్టే ఆర్డర్ అది. ట్రిగ్గర్ తగలగానే మార్కెట్ ఆర్డర్‌గా మారే రకమైతే, మీరు రాసుకున్న ధరకు కాకుండా అప్పుడు దొరికిన బిడ్‌కు అమ్ముడవుతుంది. లిమిట్‌గా మారే రకమైతే ధర మీ చేతిలో ఉంటుంది గానీ, మార్కెట్ ఆ లిమిట్‌ను దాటి ఒక్కసారిగా పడిపోతే షేర్లు అమ్ముడవకుండా మీ దగ్గరే ఉండిపోతాయి.