చికాగో కేసులో రెండో ముద్దాయి

మా జర్నలిజం విభాగంలో నేరవార్తల రచన బోధించిన మాస్టారు పాఠ్యపుస్తకం తెరవకముందే మాకు 1948 నాటి ‘కాల్ నార్త్‌సైడ్ 777’ అనే అమెరికన్ చిత్రాన్ని చూపించారు. హెన్రీ హాథవే దర్శకత్వంలో జేమ్స్ స్టువర్ట్ విలేకరిగా నటించిన ఆ చిత్రంలో చాలా భాగం చికాగో నగరంలోనే తీశారు. ఈ ప్రత్యేక సంచికకు ఏం రాయాలని ఆలోచించినప్పుడు, నా వృత్తిని తీర్చిదిద్దిన ఆ పాఠం తప్ప మరొకటి రాయబుద్ధి కాలేదు.

చిత్రానికి ఆధారం నిజంగా జరిగిన కేసు. మద్యనిషేధం అమల్లో ఉన్న 1932 డిసెంబర్ 9న, చికాగోలో చాటుగా మద్యం అమ్మే ఒక దుకాణంలో విలియం లండీ అనే పోలీసు హత్యకు గురయ్యాడు. ప్రధానంగా దుకాణం నడిపే ఆమె సాక్ష్యం మీద జోసెఫ్ మాయ్‌చెక్, థియోడర్ మార్సిన్‌కివిచ్ అనే ఇద్దరికి 99 ఏళ్ల చొప్పున శిక్ష పడింది. 1944 అక్టోబరులో, అసలు హంతకుల ఆచూకీ చెప్పినవారికి 5,000 డాలర్లు ఇస్తామంటూ ‘చికాగో టైమ్స్’లో ఒక చిన్న ప్రకటన వెలువడింది. ఆ డబ్బు మాయ్‌చెక్ తల్లి ఏళ్ల తరబడి నేలలు తుడిచి కూడబెట్టినది. ఆ ప్రకటన వెంట బయలుదేరిన జేమ్స్ మెగ్వైర్, జాక్ మెక్‌ఫాల్ అనే విలేకరుల కృషి ఫలితంగా 1945లో మాయ్‌చెక్‌కు క్షమాభిక్ష లభించి, అతను విడుదలయ్యాడు.

మాస్టారు మమ్మల్ని ఎక్కువసేపు నిలిపింది విజయం దగ్గర కాదు. చిత్రంలోని విలేకరి మొదట ఖైదీ మాట నమ్మడు; తల్లి కన్నీరు, విడిపోయిన భార్య, చిన్న కొడుకు, వీటన్నిటినీ పాఠకులను ఆకట్టుకునే కథనాలుగా మలుస్తాడు. వాళ్ల ఫొటోలు పత్రికలో చూసిన ఖైదీ, ఇక నా గురించి ఏమీ రాయవద్దని కోపంతో చెబుతాడు. అన్యాయానికి గురైన మనిషే తన కోసం రాస్తున్న పత్రికను తిరస్కరించే ఆ సన్నివేశాన్ని మాస్టారు రెండుసార్లు వేసి చూపించి, బాధితుడి తరఫున రాస్తున్నామన్న ధీమాతో అతని ఇంటివాళ్లను బజారుకు ఈడ్చే హక్కు మనకెవరిచ్చారని అడిగారు. నేరవార్తలు రాసేవాళ్లకు అంతకంటే ముఖ్యమైన ప్రశ్న నాకు ఇప్పటికీ కనిపించదు.

ఆ తర్వాత ఆయన సినిమాను, కేసును పక్కపక్కన పెట్టారు. చిత్రంలో ఒక పాత ఫొటోను పెద్దది చేయగా, పత్రికలమ్మే కుర్రాడి చేతిలోని పత్రిక మీద తేదీ బయటపడి కేసు మలుపు తిరుగుతుంది. అసలు కేసుకు ప్రాణం ఫొటో కాదు, పోలీసు కాగితాలు. మాయ్‌చెక్‌ను డిసెంబర్ 22న అరెస్టు చేస్తే రికార్డులో 23 అని మార్చారనీ, సాక్షి మొదట అతన్ని గుర్తించలేకపోయిందనీ ఆ పరిశోధనలో తేలింది. తెర మీద ఫొటో రక్తి కట్టిస్తుంది, నిజమే. కానీ విలేకరి నేర్చుకోవలసింది రిజిస్టరు చదవడమే. అరెస్టు వివరాలు పోలీసులు నమోదు చేసే అరెస్టు మెమోలో తేదీ, సమయం రాసి, సాక్షి చేత సంతకం చేయించాలని మన సుప్రీంకోర్టు, పోలీసు కస్టడీలో మరణాలపై వచ్చిన డి.కె. బసు కేసులో 1996లో ఆదేశించడం వెనుక ఉన్న అవసరం నాకు ఈ చికాగో కేసు ద్వారానే పూర్తిగా అర్థమైంది. క్రైమ్ బీట్‌లో చేరాక నేను మొదట అడిగే కాగితం అరెస్టు మెమోయే అయింది.

చివరగా మాస్టారు రెండో ముద్దాయి ఏమయ్యాడని అడిగారు. తరగతిలో ఎవరికీ అతని ఊసే గుర్తు లేదు. చిత్రం కూడా ఒక ఖైదీ జైలు గేటు దాటడంతో ముగిసిపోతుంది. సాక్ష్యం ఇద్దరికీ ఒకటే. అది నమ్మదగనిదైతే ఇద్దరి విషయంలోనూ నమ్మదగనిదే. అయినా మార్సిన్‌కివిచ్‌కు విడుదల 1950లో గానీ దక్కలేదు. ప్రకటన ఇచ్చే తల్లి, పత్రిక కంటపడే కథ ఒక్కరికే ఉన్నందువల్ల ఆ అయిదేళ్ల తేడా వచ్చిందని నా అభిప్రాయం.

ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఈ చిత్రాన్ని మొదటి సెమిస్టరులోనే చూపించాలని విభాగాన్ని కోరుతున్నాను. చూపించిన వెంటనే, మార్సిన్‌కివిచ్ వైపు నుంచి అదే కేసును వార్తగా రాయమని మాస్టారు మాకిచ్చిన అభ్యాసాన్ని కూడా వాళ్లకు ఇవ్వాలి.