నిద్ర కోసం కాచుకున్న కషాయం: సింగపూర్‌లో నా అనుభవం

గత ఏడాది జనవరి నుంచి నాకు రాత్రిళ్ళు రెండున్నరకి మెలకువ వచ్చేయడం మొదలైంది. పదకొండింటికి పడుకుంటే పన్నెండున్నర దాకా నిద్ర పట్టేది కాదు, పట్టినా రెండు గంటలే. ఆ తర్వాత తెల్లారే దాకా ఫ్యాన్ వంక చూస్తూ పడుకోవడమే. నాకు 46 ఏళ్ళు. మాది భద్రాచలం, 11 ఏళ్ళుగా సింగపూర్‌లో ఉంటున్నాం. థైరాయిడ్‌కి, బీపీకి రోజూ మాత్రలు వేసుకుంటాను. పాలీక్లినిక్‌లో డాక్టర్ రక్తపరీక్షలు చేయిస్తే థైరాయిడ్ సరిగ్గానే ఉంది. మెనోపాజ్ దగ్గరపడే వయసులో చాలామందికి ఇలా అవుతుందని చెప్పి, రెండు వారాలకి నిద్రమాత్రలు రాశారు. వేసుకున్న రోజు నిద్ర పట్టింది, మానేసిన రోజు మళ్ళీ మొదటికొచ్చింది. వాటికి అలవాటు పడిపోతానేమోనని టెన్షన్ పట్టుకుంది.

మా పక్క ఫ్లాట్‌లో ఉండే చైనా ఆంటీ నా కళ్ళ కింద నలుపు చూసి, "సిన్సే దగ్గరికి వెళ్ళమ్మా" అన్నారు. సిన్సే అంటే ఇక్కడ చైనా వైద్యం చేసేవాళ్ళు. ఆవిడ చిన్నప్పుడు ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా థాంగ్ చాయ్ వైద్యశాలకే తీసుకెళ్ళేవాళ్ళట. 1867లో మొదలైన ధర్మ వైద్యశాల అది. ఏ జాతివాళ్ళకైనా డబ్బు తీసుకోకుండా చూసేవాళ్ళని ఆంటీ ఎంతో గౌరవంగా చెప్పారు.

నేను ఆవిడ మాట వెంటనే వినలేదు. సిన్సే దాకా ఎందుకులే అని, ఒక మూలికల దుకాణంలో నిద్రకి మంచివని ఇచ్చిన పొట్లాలు కొనుక్కొచ్చాను. వేరే మందులేమైనా వాడుతున్నారా అని అక్కడ ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. పొట్లం విప్పితే ఎర్రటి ఎండు పండ్లు, లేత పసుపు రంగు చెక్కముక్కలు కనిపించాయి. ఒక ముక్క నమిలితే నాలిక మీద తీపి పరుచుకుంది. అతిమధురం! చిన్నప్పుడు దగ్గొస్తే మా నాయనమ్మ బుగ్గన పెట్టిన పుల్ల ఇదే. ఆ రుచి తగిలాక ఇక అనుమానం రాలేదు. మన ఇంటి మందే కదా అనుకుని రెండు పూటలా, మూడు వారాలు తాగాను.

నాలుగో వారంలో చెప్పులు బిగుతుగా అనిపించాయి. సాయంత్రం చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయింది. ఇంట్లో మిషన్ పెట్టి చూసుకుంటే బీపీ 158/98. మర్నాడే పాలీక్లినిక్‌కి పరిగెత్తాను. రక్తంలో పొటాషియం 3.1కి పడిపోయి ఉంది. డాక్టర్ కొత్త మాత్ర రాయలేదు, ముందు ఒకే ప్రశ్న అడిగారు: "ఈ మధ్య కొత్తగా ఏం తాగుతున్నారు?"

బ్యాగులోంచి పొట్లం తీసి బల్ల మీద పెట్టాను. అతిమధురానికి ఆ తీపినిచ్చేది గ్లైసిరైజిన్ అనే పదార్థమట. ఎక్కువ మోతాదులో చాలా రోజులు తీసుకుంటే ఒంట్లో ఉప్పూ నీరూ నిలిచిపోతాయి, పొటాషియం మూత్రంలో బయటికి పోతుంది. బీపీ ఉన్నవాళ్ళకి ఇంకా ప్రమాదం. పొటాషియం బాగా పడిపోతే గుండె లయ తప్పవచ్చు. అప్పుడప్పుడు బుగ్గన పెట్టుకున్న పుల్ల వేరు, రోజుకు రెండు గ్లాసుల కషాయం వేరు. అంత చిన్న తేడా నాకు ఎందుకు తట్టలేదా అని ఆ రాత్రంతా బాధపడ్డాను. తాగడం ఆపేశాక వాపు తగ్గి, బీపీ దారికి రావడానికి మూడు వారాలు పట్టింది.

నిద్ర మాత్రం ఇంకా రాలేదు. ఇక చైనా వైద్యం మాట ఎత్తితే తిడతారనుకుంటూనే డాక్టర్‌ని అడిగాను. ఆయన వద్దనలేదు. "వెళ్ళాలనుకుంటే రిజిస్టరైనవాళ్ళ దగ్గరికే వెళ్ళండి. మీ మాత్రల లిస్టు వాళ్ళకి చూపించండి. వాళ్ళు రాసింది నాకు చూపించండి" అన్నారు. నేను ఈ చికిత్స క్షేమంగా దాటానంటే ఆ మూడు మాటల వల్లే.

సింగపూర్‌లో చైనా వైద్యులకి 2000లోనే చట్టం చేశారు. చైనా వైద్యుల బోర్డు దగ్గర పేరు నమోదు కానివాళ్ళు ఈ వైద్యం చేయకూడదు. బోర్డు వెబ్‌సైట్‌లో వైద్యుల పేరు కొడితే నమోదైందో లేదో తెలిసిపోతుంది. ఆంటీ చెప్పిన ఇద్దరి పేర్లూ వెతికి, ఇంటికి దగ్గరున్న ఆవిడ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకున్నాను. ఫోన్‌లో ఒక్క షరతు పెట్టారు: వచ్చే ముందు కాఫీ తాగకూడదు. కాఫీ తాగితే నాలిక మీది పూత రంగు మారిపోతుంది, చూసి లాభం ఉండదు.

సిన్సేకి 60 దాటి ఉంటాయి. చైనా వైద్యంలో పరీక్షలు నాలుగు: చూడటం, వినడం, అడగడం, తాకడం. వినడంలోనే వాసన పట్టడం కూడా కలిసి ఉంటుంది. అన్నిటికన్నా అడగడానికే ఎక్కువసేపు పట్టింది. సరిగ్గా ఎన్నింటికి మెలకువ వస్తోంది, చెమట పడుతుందా, అరికాళ్ళు మండుతాయా, దాహం వేస్తే చల్లనివి తాగాలనిపిస్తుందా వేడివా, కలలు వస్తాయా. నిద్రపట్టని మనిషిని ఇన్ని ప్రశ్నలు అడిగినవాళ్ళు అంతకు ముందు లేరు. నాలిక చాపించి చూశారు. అంచులు ఎర్రగా ఉన్నాయి, పూత పలచగా ఉంది అని రాసుకున్నారు.

తర్వాత నా చెయ్యి చిన్న దిండు మీద పెట్టించి, మణికట్టు దగ్గర మూడు వేళ్ళు ఆనించారు. ఒకసారి తేలిగ్గా, ఒకసారి గట్టిగా నొక్కుతూ, మాట్లాడకుండా ఒక నిమిషం పైనే ఉన్నారు. ఆ పైన రెండో చెయ్యి. మా ఊళ్ళో నాడి చూసే వైద్యుడి ముందు తాతయ్య చెయ్యి చాపి కూర్చున్న దృశ్యం కళ్ళ ముందుకొచ్చింది. అక్కడ వాతం, పిత్తం, కఫం అనేవాళ్ళు, ఇక్కడ 'చీ' (ప్రాణశక్తి), 'యిన్', 'యాంగ్' అంటున్నారు. గుండెలో మనసు కుదురుకోవడం లేదని, కాలేయపు రక్తం తక్కువైందని చెప్పారు. ఆ గుండె, ఆ కాలేయం స్కానింగ్‌లో కనిపించేవి కావు, ఆ శాస్త్రం తన లెక్కలో పెట్టుకున్న పేర్లు. ఒంటికి వేడి చేసిందన్న మాట మాత్రం విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది. సింగపూర్‌లో అందరూ 'హీటీ' అంటారు. మామిడిపళ్ళు ఎక్కువ తింటే వేడి చేస్తుందని మా అమ్మ అనే మాటే అది.

నా మాత్రల లిస్టు ఆవిడ ముందు పెట్టి, అతిమధురం కథంతా చెప్పాను. ఆవిడ కలం కింద పెట్టి పూర్తిగా విన్నారు. తర్వాత మందు రాశారు. నిద్రకి వాడే ఆ మూలికల కూర్పు సుమారు 1,800 ఏళ్ళ క్రితం జాంగ్ జోంగ్‌జింగ్ అనే వైద్యుడు రాసిపెట్టింది. అందులో ఐదు వస్తువులు. మొదటిది, ముఖ్యమైనది సువాన్ జావో రెన్, అంటే ఒక జాతి పుల్ల రేగు గింజల్లోని పప్పు. మన రేగుకి దగ్గరి చుట్టమే. రెండోది ఫు లింగ్, పైన్ చెట్ల వేళ్ళ మీద పెరిగే పుట్టగొడుగు జాతి. తర్వాత జి ము, చువాన్ షియోంగ్ అనే రెండు దుంపవేళ్ళు. ఐదోది గన్ చావ్, అంటే అతిమధురం. నా కళ్ళ ముందే దాన్ని అడ్డంగా కొట్టేశారు. చువాన్ షియోంగ్ దగ్గర ఆగి, రక్తం పలచబడే మందులేమైనా వాడుతున్నారా అని అడిగి, లేదన్నాకే గ్రాములు వేశారు. జుట్టు రాలుతోంది, ఆంటీ హె షౌ వు అనే మూలిక వాడమన్నారని నేనంటే వద్దన్నారు. దానివల్ల కాలేయం దెబ్బతిన్నవాళ్ళు ఉన్నారట.

మూలికల పేర్లు శాస్త్రీయ నామాలతో సహా రాసిమ్మని అడిగాను. విసుక్కుంటారేమో అనుకున్నాను గానీ సంతోషించారు. ఎందుకు అడగాలో ఒక కథ కూడా చెప్పారు. 1990ల మొదట్లో బెల్జియంలో సన్నబడటానికి ఒక క్లినిక్‌లో ఇచ్చిన మందు వాడి, సుమారు వంద మంది ఆడవాళ్ళ కిడ్నీలు పాడయ్యాయి. వాళ్ళకి వేయాల్సింది ఫాంగ్ జీ అనే ఒక తీగ వేరు. దాని బదులు దాదాపు అదే పేరుతో పిలిచే గ్వాంగ్ ఫాంగ్ జీ పడింది. అది అరిస్టలోకియా జాతి మొక్క. అందులోని ఆమ్లం కిడ్నీలని తినేస్తుంది, క్యాన్సర్ కూడా తెస్తుంది. ఇంటికొచ్చి ఆ పేరు వెతికితే ఒళ్ళు జలదరించింది. మన దగ్గర పాముకాటుకి వాడిన ఈశ్వరి వేరు, పల్లెల్లో పసరు తీసే గాడిదగడపాకు రెండూ ఆ జాతివే.

మందు గదిలో గోడ నిండా చిన్న చిన్న చెక్క సొరుగులు. పొడి రూపంలో కావాలా, ఎండు మూలికలు కావాలా అని అడిగారు. పొడి అయితే వేడినీళ్ళలో కలుపుకుంటే చాలు, ఆఫీసుకెళ్ళేవాళ్ళు ఎక్కువగా అదే తీసుకుంటారట. నేను ఎండు మూలికలే అడిగాను. ఏం తాగుతున్నానో ఈసారి కళ్ళారా చూడాలనిపించింది. అక్కడి అబ్బాయి ఒక్కొక్కటీ తూచి, కాగితం మీద విడివిడి కుప్పలు పోసి, రాసినదానితో సరిచూసి కట్టాడు. రేగు పప్పు రోజుకు 15 గ్రాములు, మిగతావి అంతకన్నా తక్కువ. అవి నా ఒంటిని చూసి వేసిన లెక్కలు, ఇంకొకరికి పనికిరావు.

కాచడం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. ఇనుప గిన్నె, అల్యూమినియం గిన్నె వాడకూడదు. మట్టిపాత్ర ఒకటి కొన్నాను. ఎర్రగా, నున్నగా ఉన్న రేగు పప్పుని రోట్లో కచ్చాపచ్చాగా దంచాలి. దంచకపోతే సారం దిగదు. అన్నీ పాత్రలో వేసి, మూలికల పైన రెండు వేళ్ళ ఎత్తు నీళ్ళు పోసి అరగంట నానబెట్టాలి. పెద్ద మంట మీద పొంగు రానిచ్చి, సన్నని సెగ మీద మరో అరగంట ఉంచి వడకట్టాలి. అదే పిప్పిలో మళ్ళీ కొన్ని నీళ్ళు పోసి రెండోసారి కాచాలి. రెండు కాపులూ కలిపి, సగం సాయంత్రం, సగం పడుకునే ముందు. థైరాయిడ్ మాత్ర పొద్దున పరగడుపున కాబట్టి ఈ రెండింటికీ మధ్య చాలా గంటల ఎడం వచ్చేలా సిన్సేనే ఆలోచించి పెట్టారు. తడిసిన మట్టి, పాత చెక్కపెట్టె కలిసినట్టు ఒక వాసన ఇల్లంతా కమ్ముకునేది. తాగాక నోటి రుచి మారడానికి ఎర్రటి బిళ్ళలు ఇచ్చారు. హాథార్న్ అనే పుల్లటి పండు గుజ్జుతో చేసినవి, అచ్చం మన రేగువడియాల రుచి.

పొయ్యి దగ్గర నిలబడే ఆ గంటలో తు యూయూ అనే చైనా శాస్త్రవేత్త గురించి చదివాను. మలేరియా మందు కోసం చైనా ప్రభుత్వం 1967లో మొదలుపెట్టిన రహస్య పథకంలో ఆవిడ పనిచేశారు. చింగ్ హావ్ అనే మొక్కని ముందు వేడి చేసి సారం తీస్తే గుణం నిలకడగా కనిపించలేదు. 4వ శతాబ్దపు వైద్యుడు గె హోంగ్ ఆ మొక్కని కాచమనలేదు, నీళ్ళలో నానబెట్టి పిండి రసం తాగమన్నాడు. వేడికే గుణం పోతోందేమోనని ఆవిడకి తట్టింది. తక్కువ వేడికే మరిగే ఈథర్‌తో సారం తీశారు. అలా 1972లో ఆర్టిమిసినిన్ అనే మలేరియా మందు బయటపడింది, 2015లో ఆవిడకి నోబెల్ వచ్చింది. ఈ కథ చదువుతూ నేను పొయ్యి కట్టేసి కాసేపు కూర్చుండిపోయాను. 2012లో మా తమ్ముడికి మలేరియా మెదడుకెక్కి తెలివి తప్పిపోతే, వాడికి ఎక్కించింది ఆర్టిసునేట్ ఇంజెక్షన్. ఈ మొక్కలోంచి వచ్చిన మందే. వాడు బతికాడు. ఎప్పుడో ఎవరో రాసిపెట్టిన ఒక్క వాక్యాన్ని ఒకావిడ శ్రద్ధగా చదివి, ప్రయోగశాలలో నిగ్గు తేల్చడం వల్ల మా తమ్ముడు ఇవాళ పిల్లల్ని బడిలో దింపి వస్తున్నాడు.

పథ్యం సంగతికొస్తే, మధ్యాహ్నం తర్వాత కాఫీ, టీ బంద్. మందు తాగినన్నాళ్ళూ పెసలు తినకూడదన్నారు. పెసలు మందు గుణాన్ని చంపేస్తాయని వాళ్ళ నమ్మకం. ఆదివారం పెసరట్టు ఫొటో చూపించి ఇది కూడానా అని అడిగితే, ఇందులో ఏముందని అడిగి తెలుసుకుని, నెమ్మదిగా తల అడ్డంగా ఊపారు. సరే అని ఆరు వారాలు మానేశాను.

మొదటి వారం నిద్రలో మార్పేమీ లేదు. పైగా మూడో రోజు నుంచి విరేచనాలు పలచగా అయ్యాయి. ఫోన్ చేస్తే వెంటనే రమ్మని, జి ము సగానికి తగ్గించారు. రెండో వారం చివర ఒక రాత్రి మెలకువ వచ్చి గడియారం చూస్తే నాలుగుంపావు. తప్పు చూశానేమోనని లేచి హాల్లో గడియారం కూడా చూశాను. అదే టైము. నాలుగో వారానికి ఐదింటి దాకా పడుకోగలిగాను. అంతా మందు వల్లే అని నేను అనను. కాఫీ మానడం, ఫోన్ పక్కన పెట్టి పదిన్నరకి దీపం ఆర్పడం కూడా పనిచేసే ఉంటాయి. కానీ ఒకరు నా మాట శ్రద్ధగా విని, వారం వారం మందు సరిచేస్తున్నారన్న ధైర్యం ఎంత నెమ్మదినిచ్చిందో నాకు తెలుసు.

ఆరో వారం పాలీక్లినిక్‌లో కాలేయం, కిడ్నీ, పొటాషియం పరీక్షలు చేయించుకున్నాను. అన్నీ మామూలే, బీపీ 128/82. సిన్సే రాసిన లిస్టు డాక్టర్ ఒక్కొక్క పేరూ చదివి నా ఫైల్‌లో ఎక్కించుకున్నారు. ఆ వారమే సిన్సే ఇక చాలన్నారు. ఇంకో నెలకి ఇవ్వమని నేనే అడిగాను. అవసరం తీరాక మందు తాగకూడదని చెప్పి, నాడి ఇంకోసారి చూసి పంపించేశారు.

ఆ రాత్రి అమ్మకి వీడియో కాల్ చేశాను. అమ్మకీ బీపీ ఉంది. చలికాలం వస్తే దగ్గుకి ఏదో లేహ్యం రోజూ చప్పరిస్తుంది.

"అమ్మా, ఆ సీసా తెచ్చి వెనక రాసింది చదువు."

"ఇప్పుడెందుకే?"

"చదవమ్మా."

కళ్ళజోడు వెతుక్కుని, సీసా దీపం కిందకి పట్టుకుని, ఒక్కో పేరూ కూడబలుక్కుంటూ చదివింది. పిప్పలి, శొంఠి, వాస, యష్టిమధు...

"అదే అమ్మా, యష్టిమధు. అతిమధురం. ఎన్నాళ్ళ నుంచి తింటున్నావు? రేపు నీ బీపీ డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ సీసా చేతిలో పట్టుకెళ్ళు."