పైలట్ ఉద్యోగాలు: ప్రమాణాలను సడలించింది ఎవరు?

పైలట్ నియామకాల్లో వైవిధ్యం అనగానే ప్రమాణాలు సడలిపోతాయని వాదించేవారు మార్లన్ గ్రీన్ ఉదంతం తెలుసుకోవాలి. అమెరికా వైమానిక దళంలో పనిచేసిన ఆ నల్లజాతి పైలట్ 1957లో కాంటినెంటల్ ఎయిర్‌లైన్స్‌కు పంపిన దరఖాస్తులో జాతి గడిని ఖాళీగా వదిలి, ఫొటో జతచేయకపోతే, పరీక్షకు పిలుపు వచ్చింది. ఉద్యోగాలు మాత్రం ఆయనకంటే తక్కువ అనుభవమున్న తెల్లవారికి దక్కాయి. 1963లో అక్కడి సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా ఆయన పక్షాన నిలిచినా, 1965లో గానీ ఆయన విధుల్లో చేరలేకపోయారు. మరి ప్రమాణాలను గాలికి వదిలింది ఎవరు?

ఇప్పటి అడ్డుగోడ ప్రధానంగా శిక్షణ ఖర్చు అని నా అభిప్రాయం. అమెరికాలో పూర్తిస్థాయి ఎయిర్‌లైన్ పైలట్ లైసెన్సుకు సాధారణంగా 1500 గంటలు విమానం నడిపిన అనుభవం ఉండాలి. అంతవరకు అప్పుల భారం మోయగలిగినవారే పోటీలో మిగులుతారు. సిమ్యులేటర్ (నేలమీదే విమానం నడిపే అనుభవాన్నిచ్చే యంత్రం) పరీక్షను ఏమాత్రం సులభతరం చేయకుండా, శిక్షణ రుణభారాన్ని విమానయాన సంస్థలే పంచుకోవడం న్యాయం.